అట్టలక్క వదిలిన చోటు

ఉత్తరం పది గంటల పది నిమిషాలకు వచ్చింది. పది గంటల పదిహేనుకల్లా ఇంట్లో ముగ్గురూ దాన్ని తలోసారి చదివేశారు. పావు తక్కువ పదకొండుకి ఆ ఇంట్లో సంతోషం ఎగిరిపోయి భయం పట్టుకుంది.

ఈ అరగంట పైచిలుకులో జరిగింది ఇది.

కవరు మీద కళాపరిషత్తు ముద్ర ఉంది. అట్టలక్క దాన్ని చింపలేదు. రంగు చేతులు గుడ్డకి తుడుచుకుని, బ్లేడుతో అంచు కోసి తీసింది. పదేళ్ళుగా ఏటా ఆ ముద్రతో ఒక కవరు వస్తోంది. లోపల ఏటా ఒకటే వాక్యం, మీ చిత్రం ఈ ఏడు ప్రదర్శనకు ఎంపిక కాలేదు అని. ఈసారి కాగితం బరువుగా తగిలింది.

"నలభై ఒకటో నంబరు చిత్రం తుది పరిశీలనకు ఎంపికైంది. చిత్రకారులు గురువారం పదకొండు గంటలకు ముగ్గురు సభ్యుల కమిటీ ముందు హాజరై తమ చిత్రం గురించి మాట్లాడవలెను. ముగ్గురూ సమ్మతిస్తేనే చిత్రం గోడకెక్కును."

అట్టలక్క అన్నది పుస్తకాల బజారు పెట్టిన పేరు. ముప్పై ఏళ్ళుగా ఆమె డిటెక్టివ్ నవలలకి అట్టలు వేస్తోంది. మూడు వేలు దాటాయి. బస్టాండులో, రైలు సీటు మీద, మంగలి షాపులో, పళ్ళ డాక్టరు గది బయట బెంచీ మీద, ఎక్కడ చూసినా ఆమె వేసిన కత్తులు, తలుపు సందులోంచి చూసే కళ్ళు, మెట్ల మీద వదిలేసిన ఒంటి చెప్పు. రచయిత కథ మొదలుపెట్టకముందే పబ్లిషర్ వచ్చి ఆమె దగ్గర తేదీ ఖాయం చేసుకునేవాడు. అట్ట చూసి కథ రాసిన రచయితలూ ఉన్నారు.

ఇంత జరిగినా పరిషత్తు హాల్లో ఆమెకి ఒక్క మేకు దొరకలేదు. ఆమెకి కావలసింది ఆ ఒక్క మేకే. ఇరవై రెండేళ్ళ వయసులో, చిత్రకళ కాలేజీలో, ఒక లెక్చరర్ ఆమె బొమ్మని క్లాసు మొత్తానికీ ఎత్తి చూపించి, "ఈ చెయ్యి అంగడికి పనికొస్తుంది, గోడకి కాదు" అన్నాడు. ఆ లెక్చరరే ఇప్పుడు పరిషత్తు అధ్యక్షుడు.

పరిశీలనలో పేరు ఉండదు, నంబరే ఉంటుంది. కాబట్టి పదిసార్లూ ఆయన కాదన్నది ఆమెని కాదు, ఆమె బొమ్మల్ని. అది ఇంకా గట్టిగా తగిలింది. పదేళ్ళూ పరిషత్తుకి ఏం నచ్చుతుందో ఊహించి వేసింది. పదకొండోసారి విసుగు పుట్టి, తనకి నచ్చింది వేసింది. మేడ మీద ఆరేసిన దుప్పట్ల మధ్య, బోర్లించిన బకెట్ మీద కూర్చుని పుస్తకం చదువుకుంటున్న వాళ్ళ అత్తగారు.

"అంటే నేను ఎంపికయ్యానన్నమాట" అంది అత్తగారు, కళ్ళజోడు సర్దుకుని ఉత్తరం మళ్ళీ చదువుతూ. "ఎనిమిది నెలలు ఆదివారం ఆదివారం ఆ బకెట్ మీద కూర్చున్నాను. పంతొమ్మిది నవలలు అయ్యాయి. నడుం పోయింది. బకెట్ కూడా పోయింది."

"బకెట్ కొత్తది కొంటానత్తయ్యా."

"బకెట్ సంగతి తర్వాత. గురువారం నేనేం కట్టుకోవాలో చెప్పు."

ఉత్తరంతో పాటు అరచేతి సైజులో చిత్రం ఫోటో కూడా పంపారు. అట్టలక్క భర్త దాన్ని కిటికీ వెలుతురులో పట్టుకుని చూస్తున్నాడు. ఆయన ప్రెస్సులో ఫోర్‌మన్. ఆమె వేసిన అట్టల్లో సగం ఆయన మెషీన్ మీదనుంచి పోయినవే. ఆయన నవ్వుతున్నవాడల్లా ఆగిపోయాడు. బొటనవేలు ఫోటో పైభాగాన పెట్టాడు. తీశాడు. మళ్ళీ పెట్టాడు.

"ఏమే, ఇది ఏ నవలకి?"

"ఏ నవలకీ కాదండీ. పరిషత్తుకి వేసిందే. ఎనిమిది నెలలుగా చూస్తూనే ఉన్నారుగా."

"మేడ మీద ఇంత పెద్దగా చూశాను. చిన్నది చేసి చూడటం ఇప్పుడే." ఆయన ఫోటోని బల్ల మీద పెట్టాడు. "పైన మూడోవంతు ఖాళీ. కింద కుడిమూల పబ్లిషర్ ముద్రకి చోటు. ఎడమ పక్క వేలెడు నీడ, అట్ట మడవటానికి. ఇది ప్రెస్సుకి వస్తే నేను ఒక్క మాట అడక్కుండా టైటిల్ ఎక్కించేస్తాను."

అట్టలక్క వంగి చూసింది.

నిజమే. దుప్పట్లు, బకెట్, అత్తగారు, పిట్టగోడ, అన్నీ కింది రెండు వంతుల్లోనే సర్దుకున్నాయి. పైన ఒక్క మబ్బు లేదు, ఒక్క తీగ లేదు, ఒక్క పక్షి లేదు. ముప్పై ఏళ్ళు, మూడు వేల సార్లు, ఆమె చెయ్యి పైన టైటిల్‌కి చోటు వదిలి కిందికి దిగింది. ఈసారి టైటిల్ లేదన్న సంగతి చేతికి ఎవరూ చెప్పలేదు.

"అప్పుడే అనుకున్నాను" అంది అత్తగారు. "నా తల మీద అంత ఖాళీ ఎందుకా అని. మర్యాద కోసం అడగలేదు."

ఉత్తరం అడుగున సిరాతో చేత్తో రాసిన వాక్యం ఇంకొకటుంది. ఇందాక పొంగిపోతూ చదివారు. ఇప్పుడు అట్టలక్క గొణుగుతూ చదివింది: "పైభాగంలోని మహాశూన్యం కమిటీని ఎంతో కదిలించింది. ముఖ్యంగా దాని గురించి వివరించగలరు."

ఆమె ఉత్తరాన్ని ఫోటో పక్కన పెట్టింది.

"దీన్ని ఎంపిక చేసిందే ఆ ఖాళీ చూసి" అన్నాడు ఫోర్‌మన్.

"అవును."

"ఆ ఖాళీ టైటిల్ కోసం వదిలిందని తెలిస్తే?"

అత్తగారు అందుకుంది. "తెలియనివ్వకూడదు. నేను చదివిన వాటిల్లో పట్టుబడ్డ వాళ్ళందరూ నోరు జారే పట్టుబడ్డారు. నువ్వు తక్కువ మాట్లాడు. అడిగినదానికి మాత్రమే చెప్పు. చేతులు ఊపకు."

గురువారానికి ఇంకా మూడు రోజులున్నాయి. ఫోర్‌మన్ పరిషత్తు పాత కేటలాగులు నాలుగు సంపాదించుకొచ్చాడు. అర్థం కాని వాక్యాలన్నీ పెన్సిలుతో గీశాడు. వాటిని అటూ ఇటూ కలిపి ఒక పేజీ ఉపన్యాసం తయారుచేశాడు. అట్టలక్క కూరగాయలు తరుగుతూ, బట్టలు మడతపెడుతూ దాన్ని వల్లించింది. అత్తగారు కుర్చీలో కూర్చుని కమిటీ పాత్ర వేసింది.

"చెప్పమ్మా, ఈ శూన్యం ఏమిటి?"

"అది లేమి కాదు, ఉనికికి ముందున్న నిశ్శబ్దం."

"బాగుంది. కానీ చెప్పేటప్పుడు అలా నేల చూపులు చూడకు. ఏదో దాచినట్టుంది."

"దాస్తున్నాను కదత్తయ్యా."

"అందుకే చూడకు."

గురువారం పదకొండుకి ఐదు నిమిషాల ముందు ముగ్గురూ పరిషత్తు వరండాలో ఉన్నారు. తల్లీకొడుకులు బయట బెంచీ మీద కూర్చున్నారు. అట్టలక్క తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.

పొడవాటి గది. గోడలకి ఆనించిన చిత్రాలు, వాటిని చుట్టటానికి తెచ్చిన పారదర్శకమైన ప్లాస్టిక్ చుట్ట, నంబర్లు వేసే నల్ల మార్కర్లు, ఎర్ర మార్కర్లు. మధ్యలో స్టాండు మీద నలభై ఒకటో నంబరు. బల్ల వెనక ముగ్గురు. నడుమ అధ్యక్షుడు, తెల్లజుట్టు, ముప్పై ఏళ్ళ కిందటి అదే గొంతు. ఎడమపక్క సన్నటి విమర్శకుడు, ఒళ్ళో కాగితాల కట్ట. కుడిపక్క ముసలి శిల్పి, గోళ్ళలో మట్టి ఉన్న పెద్దావిడ.

"రండి" అన్నాడు విమర్శకుడు, కుర్చీలోంచి సగం లేచి. "ఉత్తరంలో ఆ వాక్యం నేనే రాశాను. మీ శూన్యం నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు. దాని మీద మూడు పేజీలు రాశాను. కేటలాగుకి వెళ్ళిపోయాయి కూడా. మీ నోటితో వినాలని ఉంది."

అట్టలక్క ఊపిరి పీల్చుకుంది. నేల చూపులు చూడలేదు. చేతులు ఊపలేదు.

"అది లేమి కాదు. ఉనికికి ముందున్న నిశ్శబ్దం. అక్కడ చూపు ఆగదు, చూపే ఒక ప్రయాణంగా..."

విమర్శకుడు కళ్ళు మూసుకుని తల ఊపుతున్నాడు. పెదవులు కూడా ఆమెతో పాటే కదులుతున్నాయి.

"ఒక్క నిమిషం" అంది శిల్పి. విమర్శకుడి వైపు తిరిగింది. "ఏమయ్యా, ఈ ముక్కలు నువ్వు నా రాతి ఏనుగు గురించి రాసినవి కావూ? పోయినేడాది కేటలాగులో?"

విమర్శకుడు కళ్ళు తెరిచాడు.

"అప్పుడూ నాకు అర్థం కాలేదు" అంది శిల్పి. అట్టలక్కని చూసి నవ్వింది. అందులో ఎగతాళి లేదు. "అమ్మాయ్, ఆ ముక్కలు పక్కన పెట్టు. నా కోసం మామూలుగా చెప్పు. పైన ఏమీ ఎందుకు వెయ్యలేదు?"

అడిగినదానికి మాత్రమే చెప్పమంది అత్తగారు. సరిగ్గా అదే అడిగారు.

ఇంకొక్క అబద్ధం చాలు. గోడ మీద మేకు ఆమెదే. అట్టలక్క నోరు తెరిచింది. తన బొమ్మ వైపు చూసింది. అత్తగారు పేజీ తిప్పబోతూ, పెదవి మీద నవ్వు దాచుకుంటూ ఉంది. ఆ నవ్వు పట్టుకోవటానికి ఆరు ఆదివారాలు పట్టింది. ఆ మనిషి ముందు నిలబడి కేటలాగు వాక్యాలు చెప్పటం ఆమెవల్ల కాలేదు.

"టైటిల్ కోసమండీ" అంది.

"ఏ టైటిల్?" అన్నాడు అధ్యక్షుడు.

"పుస్తకం టైటిల్. నేను నవలలకి అట్టలు వేస్తాను. ముప్పై ఏళ్ళుగా పైన మూడోవంతు వదిలి వెయ్యటం అలవాటు. కింద కుడిమూల పబ్లిషర్ ముద్రకి. ఎడమ పక్క మడతకి. వేసేటప్పుడు నాకే తెలియలేదు. మీ ఉత్తరం వచ్చాక మా ఆయన చూసి చెప్పారు."

విమర్శకుడు ఒళ్ళోని కాగితాల కట్టని నెమ్మదిగా బల్ల కిందికి దింపాడు.

శిల్పి భుజాలు కదిలాయి. మొదట ఏడుస్తోందేమో అనుకుంది అట్టలక్క. కాదు, ఆవిడ నవ్వు ఆపుకుంటోంది. ఆపుకోలేకపోయింది.

అధ్యక్షుడు నవ్వలేదు. "అయితే ఇది చిత్రం కాదు. టైటిల్ రాయని అట్ట. నేను ఒప్పుకోను. ముగ్గురూ ఒప్పుకోవాలన్నది నియమం." పెన్ను మూత పెట్టాడు.

అయిపోయింది. అట్టలక్క చెయ్యి సంచీ కోసం వెళ్ళింది.

"అట్ట అవునో కాదో ఇప్పుడే తేల్చేద్దాం" అంది శిల్పి, కళ్ళు తుడుచుకుంటూ. లేచి ప్లాస్టిక్ చుట్ట లాగి, స్టాండు సైజుకి ఒక ముక్క కోసి, చిత్రం మీద పరదాలా వేలాడదీసింది. నల్ల మార్కర్, ఎర్ర మార్కర్ తెచ్చి అట్టలక్క చేతిలో పెట్టింది. "టైటిల్ రాయి. బజార్లోకి వెళ్ళే పుస్తకానికి ఎలా రాస్తావో అలా."

ఇది ఆమెకి రోజూ ఉండే పనే. ప్లాస్టిక్ మీద అక్షరాలు రాసి, బొమ్మ మీద పెట్టి, పబ్లిషర్‌కి చూపించటం. రెండు అడుగులు వెనక్కి వేసింది, ఒక కన్ను మూసి చూసింది, ముందుకొచ్చి గీయటం మొదలుపెట్టింది. నల్లటి నిలువు గీతలు, అంచుల వెంట ఎర్ర నీడ, కొసలు కత్తుల్లా. మూడు నిమిషాలు పట్టింది.

ఐదో దుప్పటి.

ఆమె పక్కకి తప్పుకుంది.

బొమ్మలో ఒక్క గీత మారలేదు. కానీ బకెట్ మీద ముసలావిడ ఇందాకటి మనిషి కాదు. ఏదో తెలిసిన మనిషి. ఆ నవ్వు వెనక ఏదో ఉంది. దుప్పట్లు గాలికి ఊగుతున్నాయా, వాటి వెనక ఎవరైనా ఉన్నారా?

అధ్యక్షుడు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. వేలు గాలిలో కదిలింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టాడు.

"నాలుగే ఉన్నాయి. ఐదోది ఏదీ?"

"అది తెలియాలంటే పుస్తకం కొనాలండీ" అంది అట్టలక్క.

అలవాటు చొప్పున నోట్లోంచి వచ్చేసింది. నాలుక కరుచుకుంది. కానీ అధ్యక్షుడు కోప్పడలేదు. ఆయన ఇంకా దుప్పట్ల మీదే ఉన్నాడు. "ఆవిడ దాని మీదే కూర్చుంది. బకెట్ కింద ఉంది" అన్నాడు విమర్శకుడు నమ్మకంగా. "బకెట్ కింద దుప్పటి పడుతుందటయ్యా?" అన్నాడు అధ్యక్షుడు.

శిల్పి వెళ్ళి ప్లాస్టిక్ పరదా తీసేసింది.

అక్షరాలు పోయాయి. రహస్యం కూడా పోయింది. దుప్పట్లు మళ్ళీ ఉతికిన దుప్పట్లు అయ్యాయి. ఇంటిపనికీ ఇంటిపనికీ మధ్య గంట సేపు ఎవరి కంటా పడకుండా తప్పించుకున్న ఒక ముసలామె, ఆమె మీద కావలసినంత ఆకాశం. ఎవరూ పిలవటం లేదు. ఎవరికీ ఆమెతో పని లేదు.

శిల్పి పరదా మడిచి పక్కన పెట్టింది.

"అట్టయితే అక్షరాలు తీసేశాక ఏదో లోటుండాలి" అంది శిల్పి. "నీకు కనబడుతోందా? నాకు కనబడటం లేదు."

అధ్యక్షుడు లేచి చిత్రం దగ్గరికి వచ్చాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నాడు. "టైటిల్ ఉన్నప్పుడు నేను ఈవిడని చూడలేదు" అన్నాడు చివరికి. "దుప్పట్లు లెక్కపెట్టాను." కాస్త ఆగాడు. "కానీ ఈ ఖాళీ మీరు కావాలని వదల్లేదు కదా. పొరపాటున వచ్చింది."

"ముప్పై ఏళ్ళు నేను ఖాళీ వదిలితే ఎవరో ఒకరు వచ్చి అందులో రాసి వెళ్ళేవాళ్ళు" అంది అట్టలక్క. "ఈసారి ఎవరూ రాలేదు. అంతేనండీ. అలవాటు పాతదే. మిగిలింది మాత్రం అంతా నాకే మిగిలింది."

అధ్యక్షుడు ఆమె మొహంలోకి చూశాడు. "మిమ్మల్ని ఎక్కడో చూశాను."

"కాలేజీలో మీ విద్యార్థినినండీ. నా చెయ్యి అంగడికి పనికొస్తుంది, గోడకి కాదన్నారు."

"నేనా? అలా అన్నానా?" ఆయన ఇబ్బందిగా మిగతా ఇద్దరి వైపూ చూశాడు.

"అని ఉంటావు. నీ నోరు నాకు తెలియదా" అంది శిల్పి.

"నిజమే అన్నారు లెండి" అంది అట్టలక్క. "అంగడి నన్ను బాగానే చూసుకుంది. రెండో సగం దగ్గరే పొరపడ్డారు."

ఆయన పెన్ను మూత తీశాడు. సంతకం పెట్టాడు. శిల్పి పెట్టింది. విమర్శకుడు అందరికంటే పెద్ద సంతకం పెట్టాడు, తన మూడు పేజీలు బతికిపోయినందుకు. అధ్యక్షుడు చిత్రం పక్కన పెట్టే చీటీ తీసి పేరు రాసుకున్నాడు. "పేరు కింద వృత్తి రాయాలి. మామూలుగా 'స్వతంత్ర చిత్రకారిణి' అని రాస్తాం."

"నవలల అట్టల చిత్రకారిణి అని రాయండి."

పెన్ను ఆగింది. "అమ్మా, పరిషత్తు గోడ మీద ఆ మాట ఇంతవరకూ లేదు. పేపర్ల వాళ్ళు వస్తారు. ఏదో ఒకటి అంటారు. 'స్వతంత్ర' అంటే మీకూ గౌరవంగా ఉంటుంది."

అట్టలక్క చీటీ వైపు చూసింది. సంతకాలు అయిపోయాయి, ఊరుకుంటే చాలు. కానీ ముప్పై ఏళ్ళ పనిని వరండాలో వదిలేసి ఆ ఒక్క బొమ్మతో లోపలికి రావటం ఆమెకి ఇష్టం లేకపోయింది.

"నేను స్వతంత్రంగా లేనండీ. రోజూ ఎవరో ఒక పబ్లిషర్ తొందరపెడుతూనే ఉంటాడు. ఉన్నదే రాయండి. లేకపోతే బొమ్మ పట్టుకెళ్ళిపోతాను. మా అత్తయ్య బయటే ఉన్నారు, ఆవిడకి చెప్పుకోవటం మాత్రం మీ పూచీ."

"రాసెయ్యవయ్యా" అంది శిల్పి. "ఆవిడ మొహం చూశావుగా. నేనైతే గొడవ పెట్టుకోను."

అధ్యక్షుడు బొమ్మలో ముసలావిడ వైపు ఒకసారి చూసి, రాసేశాడు. నవలల అట్టల చిత్రకారిణి. గుండ్రటి అక్షరాలతో, తుడపటానికి వీల్లేని సిరాతో.

వరండాలో ఫోర్‌మన్ నిలబడే ఉన్నాడు. భార్య మొహం చూసి, ఆమె చేతిలోని చీటీ తీసుకుని చదివాడు. ప్రెస్సులో ప్రూఫు చదివినట్టు ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి చదివాడు. తప్పు ఒక్కటీ దొరకలేదు. కళ్ళు తుడుచుకున్నాడు.

"చెప్పేశావు కదూ?" అంది అత్తగారు.

"చెప్పేశానత్తయ్యా."

"తలుపు అవతల నవ్వు వినబడగానే అనుకున్నాను. సరే, నన్ను ఎక్కడ పెడతారట?"

విమర్శకుడు వెనకే గబగబా వచ్చాడు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. "అక్కా, చిన్న మాట. నా వ్యాసాల పుస్తకం ఒకటి ఉంది. తొమ్మిదేళ్ళుగా అటకమీద కట్టలు కట్టలుగా పడి ఉంది. అట్ట సరిగ్గా లేకే పోలేదని ఇప్పుడు అర్థమవుతోంది. మీరు ఒకటి వెయ్యగలరా?"

అట్టలక్క పనిలో పడింది. "లోపల ఎవరైనా చచ్చిపోతారా?"

విమర్శకుడు ఆలోచించాడు. "నలభయ్యో పేజీలో ఒక శైలి అంతరించిపోతుంది."

"చాలు. దాంతో లాక్కొస్తాను. వచ్చేవారం రండి."

పెద్ద హాల్లో వడ్రంగి అప్పటికే చిత్రాన్ని గోడ దగ్గరికి మోసుకొచ్చాడు. చెవి వెనక పెన్సిలు తీసి గోడ మీద చిన్న గుర్తు పెట్టాడు. అత్తగారు వెళ్ళి ఆ గుర్తు పక్కన వీపు ఆనించి నిలబడింది, పొడుగు కొలిపించుకునే పిల్లలా.

"బాబూ, ఇంకో బెత్తెడు కిందికి దింపు" అంది. "నేను చదువుకుంటున్నాను. వచ్చినవాళ్ళు నా పుస్తకంలోకి తొంగిచూడాలి. మెడ ఎత్తి చూస్తే వాళ్ళకేం కనబడుతుంది?"

"అందరివీ ఒకే ఎత్తులో పెడతామండీ, మామ్మగారూ."

"అందరూ పెట్టించుకోనీ. నాది దింపు."

వడ్రంగి అధ్యక్షుడి వైపు చూశాడు. అధ్యక్షుడు శిల్పి వైపు చూశాడు. శిల్పి భుజాలు ఎగరేసింది. వడ్రంగి పాత గుర్తు వేలితో చెరిపేసి, బెత్తెడు కింద కొత్తది పెట్టి, జేబులోంచి మేకు తీశాడు.